శివరాత్రి జాగారానికి పాత కెమెరా: ఎస్‌డీ కార్డు అడాప్టర్లతో నా 40 రోజుల డైరీ

జనవరి 19, ఆదివారం

2025 శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. ఆ రాత్రి ధర్మవరం దగ్గర ఒక పల్లెలో తోలుబొమ్మలాట ఆడుతున్నారు. రాత్రి 10కి మొదలైతే తెల్లవారుజామున 5 దాకా సాగుతుంది. ఆట మొత్తం, ఒక్క నిమిషం కూడా పోకుండా రికార్డు చేయాలి. ఇది ఎవరో డబ్బిచ్చి చేయించుకుంటున్న పని కాదు. చిన్నప్పుడు మా అవ్వ ఒళ్లో పడుకుని, మేలుకుని, మళ్లీ పడుకుని చూసిన ఆట ఇది. ఇప్పుడు ఫోన్లో వెతికితే 10 నిమిషాల ముక్కలు దొరుకుతాయి. రాత్రి ఎలా నడుస్తుందో, కథ ఎక్కడ ఊపందుకుంటుందో, జనం కునికిపాట్లు పడే వేళకి నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క ఎలా దూకుతారో ఆ ముక్కల్లో కనిపించదు.

నా దగ్గరున్నది సోనీ పీఎండబ్ల్యూ-ఈఎక్స్1ఆర్. అనంతపురంలో ఒక పెళ్లిళ్ల స్టూడియో మూసేస్తుంటే పోయినేడు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 2009లో వచ్చిన కెమెరా. అరంగుళం సెన్సర్లు మూడు, ఫుజినాన్ లెన్స్, జూమ్ రింగు చేత్తో తిప్పితే వెన్నలా కదులుతుంది. ఈ ధరకి ఇలాంటి లెన్స్ ఇప్పుడు కొత్త కెమెరాలో రాదు. చిక్కంతా కార్డులతోనే. ఇది ఎస్‌బైఎస్ (SxS) అనే ప్రత్యేకమైన మెమరీ కార్డుల మీద రికార్డు చేస్తుంది. కెమెరాతో పాటు వచ్చినవి 16 జీబీవి రెండు.

లెక్క వేశాను. హెచ్‌క్యూ మోడ్‌లో, అంటే సెకనుకు 35 మెగాబిట్లతో, 16 జీబీ కార్డులో 50 నిమిషాలు పడుతుంది. రెండు కార్డులకీ కలిపి 100 నిమిషాలు. నాకు కావలసింది 420 నిమిషాలు. మిగతాదానికి ఎస్‌బైఎస్ కార్డులే కొనాలంటే పాతవైనా నేను పెట్టగలిగే ధర కాదు, పైగా వాటిలో ఎన్నేళ్లు అరిగినవి వస్తాయో తెలియదు. ఎస్‌డీహెచ్‌సీ కార్డులైతే ఏ ఫోన్ షాపులోనైనా దొరుకుతాయి. 32 జీబీది ఒకటి 100 నిమిషాలు. ఐదుంటే రాత్రి గడిచిపోతుంది, ఇంకో రెండు చేతిలో ఉంటే గుండె నిబ్బరం.

కాబట్టి అడాప్టర్లు, అంటే ఎస్‌డీ కార్డుని ఎస్‌బైఎస్ స్లాట్‌లో పెట్టుకోనిచ్చే తొడుగులు. ఈ 5 వారాల్లో తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ కెమెరాలో, ఈ కార్డులతో, ఆ అడాప్టర్లని రాత్రంతా నమ్మవచ్చా?

జనవరి 22, బుధవారం

అడాప్టర్లు రెండు వచ్చాయి. వేరువేరు కంపెనీలవి కావాలనే తీసుకున్నాను, ఒకదానిలో లోపముంటే రెండోదానిలో అదే ఉండకూడదని. ఒకదాని మీద మార్కర్‌తో 'క' అని, రెండోదాని మీద 'ఖ' అని రాశాను. కార్డుల మీద 1 నుంచి 7 దాకా అంకెలు వేశాను. ఏ రోజు ఏ అడాప్టర్‌లో ఏ కార్డు, ఏ స్లాట్, ఎన్ని నిమిషాలు, ఏమైంది అని రాసుకోవడానికి చిన్న నోటుబుక్ పెట్టాను. పేర్లు పెట్టకుండా టెస్టులు చేస్తే నాలుగో రోజుకి ఏది ఏదో తెలియకుండా పోతుంది.

అడాప్టర్ లోపల ఏముందో తెలుసుకోవడం నాకు బాగా పనికొచ్చింది, అందుకే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఎస్‌బైఎస్ కార్డు ఆకారం సోనీ కొత్తగా కనిపెట్టింది కాదు. ఒకప్పుడు ల్యాప్‌టాప్‌లకి పక్కన ఉండే ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాట్ ఆకారమే. 34 మిల్లీమీటర్ల వెడల్పు, 75 పొడవు, 5 మందం. ఆ స్లాట్‌లో 26 కాంటాక్టులుంటాయి. వాటిలో రెండు రకాల దారులు కలిసి ఉన్నాయి: ఒకటి పీసీఐ ఎక్స్‌ప్రెస్, రెండోది యూఎస్‌బీ 2.0. ఎస్‌బైఎస్ కార్డు మొదటి దారిన పోతుంది, అది హైవే. ఎస్‌డీ అడాప్టర్ రెండో దారిన పోతుంది. అంటే నా చేతిలో ఉన్న 'క', 'ఖ' నిజానికి యూఎస్‌బీ కార్డు రీడర్లే. ల్యాప్‌టాప్‌కి గుచ్చే రీడర్‌ని ఎక్స్‌ప్రెస్‌కార్డ్ డబ్బాలో బిగించినట్టు. లోపల చిన్న చిప్ ఉంటుంది, అది ఎస్‌డీ భాషని యూఎస్‌బీ భాషలోకి మారుస్తుంది.

ఇది తెలిశాక రెండు సంగతులు అర్థమయ్యాయి. కెమెరాలో కార్డు కొత్తదా పాతదా అన్నదానికంటే ఆ చిప్ ఎలాంటిదన్నది ముఖ్యం. కార్డు ప్యాకెట్ మీద సెకనుకు 170 ఎంబీ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఆ వేగం ఈ దారిలో రాదు. అసలు అంత అక్కర్లేదు కూడా. 35 మెగాబిట్ల వీడియో, దానికి ఆడియో, ఇతరాలు కలిపినా సెకనుకు 5 ఎంబీ లోపే. క్లాస్ 10 కార్డు తక్కువలో తక్కువ 10 ఎంబీ రాయాలి. కాగితం మీద రెట్టింపు కంటే ఎక్కువ వెసులుబాటు ఉంది.

మైక్రో ఎస్‌డీ కార్డుని ఎస్‌డీ తొడుగులో పెట్టి, దాన్ని మళ్లీ ఈ అడాప్టర్‌లో పెడితే ఏమవుతుందని షాపతను అడిగాడు. పని చేయవచ్చు. నేను మాత్రం చేయను. ఒక్కో అతుకు దగ్గర ఒక వరుస కాంటాక్టులు, ఒక్కో వరుసా ఊడడానికి ఒక అవకాశం. ఒక అడాప్టర్ తప్పదు కాబట్టి ఒప్పుకుంటున్నాను, దాని లోపల ఇంకో అడాప్టర్ వద్దు. ఏడూ పూర్తి సైజు ఎస్‌డీ కార్డులే తీసుకున్నాను. 64 జీబీవి కూడా తీసుకోలేదు. ఎస్‌డీహెచ్‌సీ 32తో ఆగిపోతుంది, ఆ పైన ఎస్‌డీఎక్స్‌సీ అవుతుంది, దాని ఫైల్ సిస్టమ్ (ఫైళ్లు సర్దుకునే పద్ధతి) ఎక్స్‌ఫ్యాట్. ఈ కెమెరా ఎస్‌డీ కార్డుని ఫ్యాట్32లోనే రాసుకుంటుంది. ఆ జోలికి పోవడానికి టైం లేదు.

జనవరి 25, శనివారం

కార్డులని కెమెరాలో పెట్టేముందు ల్యాప్‌టాప్‌లో నిండుగా రాసి, మళ్లీ చదివించాను. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది, కార్డు నిండేదాకా రాస్తుంది, రాసినదంతా తిరిగి చదివి సరిపోల్చుతుంది. లైనక్స్ వాళ్లకి ఎఫ్3 ఉంది. కార్డుకి ముప్పావుగంట చొప్పున, రోజంతా అదే పని.

ఆరు కార్డులు బాగున్నాయి. 5వ నంబరు కార్డు 8 జీబీ దాకా బాగా నడిచి ఆ తర్వాత తప్పులు చూపించింది. ప్యాకెట్ మీద 32, లోపల 8. ఇలాంటి కార్డు దారుణం ఏమిటంటే, ఎక్కడా ఆగదు. 'నిండిపోయింది' అని కెమెరాకి చెప్పదు. రికార్డు అవుతున్నట్టే ఎర్ర లైట్ వెలుగుతుంది, ఇంటికొచ్చి చూస్తే మొదటి పావుగంటో, అరగంటో ఉంటుంది, మిగతాదంతా చెత్త. పెళ్లి వీడియో పోయిందని ఏడ్చిన వాళ్లని చూశాను. అలాంటి కొన్నింటికి కారణం ఇదేనేమో అనిపించింది. షాపులో తిరిగి ఇస్తే మాట్లాడకుండా వేరే కార్డు ఇచ్చారు. దాన్నీ అలాగే నింపి చూశాను, బాగుంది. 5వ నంబరు దానికే ఇచ్చాను.

జనవరి 26, ఆదివారం

మొదటి నిడివి పరీక్ష. కెమెరా ట్రైపాడ్ మీద, ఎదురుగా టీవీ, కరెంట్ మీదే. కార్డులని ల్యాప్‌టాప్‌లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్ చేశాను. స్లాట్ ఏలో 'క', కార్డు 1. స్లాట్ బీ ఖాళీ.

పూర్తి కార్డు నిండింది. తడబాటు లేదు, హెచ్చరిక లేదు. చూస్తూ కూర్చున్నాను, నిండాక ప్లే చేసి ప్రతి 10 నిమిషాలకీ ఒకచోట ఆపి చూశాను. బాగుంది.

సాయంత్రం 'ఖ', కార్డు 2. 41వ నిమిషంలో రికార్డింగ్ ఆగిపోయింది. స్క్రీన్ మీద కార్డు పోయిందన్నట్టు మెసేజ్. స్లాట్ మూత తెరిచి అడాప్టర్ తీసి మళ్లీ పెడితే, మీడియాని రిస్టోర్ చేయాలా అని కెమెరా అడిగింది. చేయమన్నాను. 41 నిమిషాల్లో చివరి కొన్ని సెకన్లు తప్ప అంతా తిరిగి వచ్చింది. ఆ రిస్టోర్ సంగతి విన్నానే గానీ ఇప్పుడే చూశాను, మనసు కొంచెం కుదుటపడింది. అయినా శివరాత్రి నాడు ఇలా జరిగితే ఆ నిమిషం ఆట మళ్లీ ఆడరు.

జనవరి 30, గురువారం

మూడు రాత్రులు దీని మీదే కూర్చున్నాను. మొదటి అనుమానం కార్డు 2 మీద. దాన్ని 'క'లో పెట్టాను, నిండేదాకా నడిచింది. కార్డు 1ని 'ఖ'లో పెట్టాను, 1 గంట 12 నిమిషాలకి ఆగింది. స్లాట్ మార్చి బీలో పెట్టాను, 'ఖ' 26 నిమిషాలకి ఆగింది. కాబట్టి కార్డూ కాదు, స్లాటూ కాదు, 'ఖ' దగ్గరే ఉంది తంటా. కానీ ఆగే సమయం ఒక్కోసారి ఒక్కోలా ఉంది. చిప్ వేడెక్కి ఆగుతుంటే ఇంచుమించు ఒకే సమయానికి ఆగాలి కదా అనుకున్నాను.

నిన్న రాత్రి అనుకోకుండా దొరికింది. తరచూ తీసి పెడుతున్నానని మూత తెరిచే ఉంచి రికార్డు చేశాను. 'ఖ' 100 నిమిషాలూ నడిచింది! మూత మూసి చేస్తే మళ్లీ ఆగింది.

పట్టపగలు టార్చి వేసుకుని చూశాను. 'క'లో ఎస్‌డీ కార్డు పూర్తిగా లోపలికి పోయి అంచుతో సమానంగా కూర్చుంటుంది. గట్టిగా గోటితో లాగితే తప్ప రాదు. 'ఖ'లో అలా కాదు. నొక్కితే టిక్కుమని లోపలికి పోతుంది, మళ్లీ నొక్కితే స్ప్రింగ్ బయటికి తోస్తుంది. పైగా లోపలికి పోయాక కూడా కార్డు వీపు గోరు మందంలో సగమంత బయటికి కనిపిస్తుంది. పల్చటి కాగితం ముక్క ఒకటి కార్డుకీ మూతకీ మధ్య పెట్టి మూత మూశాను. 'క' ఉన్నప్పుడు కాగితం సులువుగా జారి వచ్చింది. 'ఖ' ఉన్నప్పుడు పట్టుకుపోయింది, లాగితే చిరిగింది. అంటే మూత కార్డుని ఎప్పుడూ కొంచెం నొక్కే ఉంచుతోంది. ఆ ఒత్తిడి మీద ఎవరైనా నేల మీద అడుగు గట్టిగా వేసినా, జూమ్ తిప్పినా, స్ప్రింగ్ 'మళ్లీ నొక్కారు' అనుకుని కొక్కెం వదిలేస్తోంది. కార్డు ఒక మిల్లీమీటరు వెనక్కి వస్తుంది, కాంటాక్టులు తప్పుతాయి, కెమెరాకి కార్డు మాయమైనట్టే.

తోలుబొమ్మలాటలో యుద్ధం వచ్చినప్పుడు ఆటగాళ్లు కాళ్ల కింద చెక్కబల్లలు వేసుకుని దబదబా తొక్కుతారు, ఆ చప్పుడుకే జనం ఒళ్లు గగుర్పొడుస్తుంది. పందిరి నేలంతా అదురుతుంది. 'ఖ' అక్కడికి వస్తే లంకాదహనం నడుమ ఆగిపోయి ఉండేది.

అంచుని సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది సరిచేయవచ్చని తెలిసినాయన ఒకరు అన్నారు. ఆ ప్లాస్టిక్ పొడి స్లాట్ కాంటాక్టుల్లో పడితే కెమెరాకే ముప్పు. నేను రుద్దలేదు. 'ఖ'ని పక్కన పెట్టేసి, 'క' లాంటిదే ఇంకొకటి ఆర్డర్ చేశాను. డబ్బు పోయింది, కానీ కారణం తెలిసింది. కారణం తెలియకుండా మానేసి ఉంటే ఇంకో స్ప్రింగ్ రకమే కొని ఉండేవాడిని.

ఫిబ్రవరి 2, ఆదివారం

కొత్త 'క' వచ్చింది, దానికి 'గ' అని పేరు. కాగితం పరీక్ష పాసయింది.

ఇవాళ స్లో మోషన్ చూశాను. హనుమంతుడు లంక మీంచి ఎగిరే ఘట్టంలో ఆ తోకని నెమ్మదిగా చూపించాలని ఆశ. ఈ కెమెరాలో ఎస్ అండ్ క్యూ (స్లో అండ్ క్విక్) మోడ్‌లో 720 సైజులో సెకనుకు 60 ఫ్రేముల దాకా తీయవచ్చు. 25 ఫ్రేముల లెక్కలో ప్లే అయితే 2.4 రెట్లు నెమ్మది. కానీ అక్కడే మెలిక. ప్లే అయ్యేటప్పుడు 35 మెగాబిట్లే, రాసేటప్పుడు మాత్రం ఆ ఫ్రేములన్నీ అప్పటికప్పుడే కార్డుకి పోవాలి. 35ని 2.4తో గుణిస్తే 84 మెగాబిట్లు. సెకనుకు 10 ఎంబీ దాటింది.

'క'లో కార్డు 3తో 60 ఫ్రేములు: నాలుగైదు సెకన్లలో ఆగింది. 50: కొంచెం ఎక్కువ సేపు, మళ్లీ ఆగింది. 36: 10 నిమిషాలు తీసినా ఆగలేదు. ఎస్‌బైఎస్ కార్డు పెట్టి 60 తీస్తే చెక్కు చెదరలేదు.

క్లాస్ 10 అంటే 10 ఎంబీ గ్యారంటీ కదా అని మొదట చిరాకొచ్చింది. ఎస్‌డీ కార్డు రాత ఒకే వేగంతో సాగదు. లోపల పాత చోటు చెరిపి సర్దుకోవడానికి మధ్యమధ్యలో క్షణం ఆగుతుంది. 35 మెగాబిట్ల దగ్గర ఆ ఆగడాన్ని కెమెరా తన బఫర్‌లో (రాసేముందు డేటా తాత్కాలికంగా ఆగే చోటులో) దాచుకోగలదు. 84 దగ్గర బఫర్ నిండిపోతుంది, ఇంక చోటు లేక రికార్డింగ్ ఆపేస్తుంది. తప్పు కార్డుది కాదు, అడాప్టర్‌ది కాదు. దాని మోతకి మించిన బరువు పెట్టాను.

నిర్ణయం: మామూలు రికార్డింగ్ అంతా ఎస్‌డీ మీద. ఎస్‌బైఎస్ రెండింటిలో ఒకటి స్లో మోషన్ ముక్కలకి, రిహార్సల్ నాడే తీసుకోవాలి. ఇంకొకటి అత్యవసరానికి జేబులో.

ఫిబ్రవరి 8, శనివారం

పల్లెకి వెళ్లాను. బృందంలో పెద్దాయన వయసు 70 దాటింది, వాళ్ల ఇంట్లో నాలుగు తరాలుగా ఇదే పని. నిమ్మలకుంట అక్కడికి దూరమేమీ కాదు. తోలుబొమ్మల కళకి 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారి ఊరు. ఆ పురస్కారం వచ్చినప్పుడు మా వాళ్లందరికీ వచ్చినట్టే అనుకున్నాం అని పెద్దాయన చెప్పాడు.

బొమ్మలు విప్పి చూపించాడు. మేకతోలుని అద్దంలా పల్చగా గీకి, రంగులు అద్ది, చిల్లులు పొడిచి చేసినవి. రాముడి బొమ్మ నా భుజం దాకా వచ్చింది. హనుమంతుడి తోకకి మూడు అతుకులు, ఒక్కో అతుకు దారంతో కుట్టి ఉంది.

కెమెరా చూసి, "ఏమప్పా, నీ డబ్బా రాత్రంతా మేలుకుంటుందా?" అన్నాడు.

"మేలుకోవాలనే నెల నుంచి తంటాలు పడుతున్నా తాతా," అన్నాను.

"మధ్యలో నిద్దరపోతే నాకు చెప్పు, జుట్టుపోలిగానితో లేపిస్తా."

పెరట్లో తెర కట్టి, వెనక బల్బు పెట్టి గంటసేపు ఆడి చూపించారు. పూర్వం ఆముదం దీపాలుండేవి, ఇప్పుడు బల్బులే. తెల్ల తెర మధ్యలో బల్బు మెరుపు, అంచుల్లో చీకటి. ఐరిస్ (లెన్స్‌లోకి వెలుతురు రానిచ్చే రంధ్రం) ఆటోలో పెడితే బొమ్మ కదిలినప్పుడల్లా వెలుతురు ఎగుడుదిగుడు అయింది. మాన్యువల్‌లో బిగించి, షట్టర్ 1/50లో ఉంచితే రెపరెపలు లేవు. ఎస్‌బైఎస్ మీద తోక స్లో మోషన్ తీశాను, కోరుకున్నట్టే వచ్చింది.

ఒక చిన్న దెబ్బ తగిలింది. కార్డు మార్చి 'గ'ని పెడితే కార్డు లాక్‌లో ఉందని కెమెరా మొరాయించింది. ఎస్‌డీ కార్డు పక్కన ఉండే ఆ బుల్లి పలక, అడాప్టర్‌లోకి తోసేటప్పుడు అంచుకి తగిలి కిందికి జారింది. తీసి, సరిచేసి, మళ్లీ పెట్టేసరికి నిమిషంన్నర. చీకట్లో అయితే మూడు నిమిషాలు. ఇకనుంచి కార్డులని ఇంట్లోనే అన్‌లాక్ చేసి చూసుకుని, పెట్టేటప్పుడు ఆ పక్కని బొటనవేలితో పట్టుకునే తోస్తాను.

ఫిబ్రవరి 15, శనివారం

పూర్తి రిహార్సల్, ఇంట్లో. రాత్రి 10కి మొదలుపెట్టి తెల్లవారుజామున 5 దాకా, నిజంగా ఆటకి వెళ్లినట్టే. ట్రైపాడ్ పక్కన చెక్కబల్ల వేసి, మా తమ్ముణ్ణి అప్పుడప్పుడు దాని మీద తొక్కమన్నాను. పాపం, రాత్రి 2 దాకా తొక్కాడు.

ఈ కెమెరాకి రెండు స్లాట్లు ఉండడం పెద్ద వరం. ఏ నిండగానే ఫ్రేము పోకుండా బీకి మారుతుంది. ఏ దగ్గర లైటు నారింజ రంగులో ఉన్నంతసేపూ ముట్టుకోకూడదు, అది కార్డుతో పని జరుగుతోందని గుర్తు. ఆకుపచ్చకి మారాకే తీయాలి. నా పద్ధతి: కెమెరా బీకి మారిన తర్వాత ఇంకో ఐదు నిమిషాలు ఆగుతాను. తొందరేమీ లేదు, తర్వాతి కార్డు నిండడానికి 100 నిమిషాలుంది. తీసిన కార్డుని వెంటనే లాక్ చేసి, తలకిందులుగా కుడి జేబులోని డబ్బాలో పెడతాను. ఖాళీ కార్డులు ఎడమ జేబు. నిండిన కార్డుని పొరపాటున మళ్లీ పెట్టినా లాక్ ఉంది కాబట్టి కెమెరా రాయదు. వారం కింద నన్ను విసిగించిన ఆ బుల్లి పలకే ఇక్కడ కాపలా కాస్తుంది.

నాలుగుసార్లు మార్పిడి, ఐదు కార్డులు, 7 గంటలు. ఒక్క ఆగడం లేదు.

పొద్దున లేచాక ఇంకో పని చేశాను, చేయడానికి చేతులు రాలేదు గానీ చేశాను. పాత కార్డు మీద రికార్డు అవుతుండగా కరెంటు తీసేశాను. మళ్లీ పెట్టగానే రిస్టోర్ అడిగింది, చేసింది, క్లిప్ వచ్చింది. అయినా పల్లెలో కరెంటుని నమ్మలేను కాబట్టి డీసీ కేబుల్‌ని చిన్న యూపీఎస్‌కి కలిపి పెట్టాలని నిర్ణయించాను.

ఫిబ్రవరి 22, శనివారం

కాపీ పద్ధతి సరిచూశాను. కార్డు తెరిస్తే బీపీఏవీ అనే ఫోల్డర్ ఉంటుంది. దాని లోపల క్లిప్‌కొక ఫోల్డర్, అందులో ఎంపీ4తో పాటు ఇంకో నాలుగైదు చిన్న ఫైళ్లు. చాలామంది ఆ ఎంపీ4లని మాత్రం లాగి, మిగతావి పనికిరావని పారేస్తారు. దయచేసి అలా చేయకండి. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటదు, కాబట్టి 100 నిమిషాల ఏకధాటి రికార్డింగ్‌ని కెమెరా పన్నెండు, పదిహేను నిమిషాల ముక్కలుగా రాస్తుంది. ఏ ముక్క తర్వాత ఏదో ఆ చిన్న ఫైళ్లలోనే ఉంటుంది. బీపీఏవీ ఫోల్డర్‌ని ముట్టుకోకుండా మొత్తంగా, కార్డు నంబరు పేరుతో ఉన్న ఫోల్డర్‌లో వేయాలి. అలా వేస్తే ఎడిటింగ్‌లో ముక్కలు అతుకు కనిపించకుండా కలుస్తాయి.

ఎస్‌డీ వల్ల ఇంకో మేలు ఇక్కడ తెలిసింది. ఎస్‌బైఎస్ చదవాలంటే ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాట్ ఉన్న పాత ల్యాప్‌టాప్ గానీ, దాని కోసమే చేసిన ఖరీదైన రీడర్ గానీ కావాలి. ఎస్‌డీకి నా మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఫిబ్రవరి 27, గురువారం, పొద్దున 8

ఇంటికి వచ్చాను. నిద్ర రావడం లేదు, రాసి పడుకుంటాను.

ఆట 10 అని 10:40కి మొదలైంది. ముందు వినాయకుడి పూజ, తర్వాత సరస్వతి, ఆ తర్వాత సుందరకాండ. స్లాట్ ఏలో 'క', కార్డు 1. స్లాట్ బీలో 'గ', కార్డు 2. జనం పిల్లలతో, దుప్పట్లతో, చాపలతో వచ్చారు. ముసలవ్వ ఒకామె నా ట్రైపాడ్ కాలికి ఆనుకుని కూర్చుంది. లేవమనలేకపోయాను, కెమెరాని ఆమె ఎత్తుకి సర్దుకున్నాను.

12:25 ప్రాంతంలో మొదటి మార్పు. నారింజ, ఆకుపచ్చ. ఐదు నిమిషాలు ఆగాను. చేతులు చెమట పట్టాయి, పంచె అంచుకి తుడుచుకుని తీశాను. లాక్, తలకిందులు, కుడి జేబు. కొత్త కార్డు, బొటనవేలు పక్కన. మూత.

లంకాదహనం 2 దాటాక వచ్చింది. బల్లల మీద అడుగులు మొదలయ్యాయి. హార్మోనియం పైకి లేచింది, మద్దెల దానితో పరుగెత్తింది. నేల అదురు నా అరికాళ్లకి తెలుస్తోంది. నా చూపు తెర మీద లేదు, కార్డు లైటు మీదే ఉంది. ఆ పావుగంట ఆ లైటు నారింజ రంగు చూస్తూనే నిలబడ్డాను. మారలేదు. ఆఖరి తొక్కుడు అయిపోయి జనం ఈలలు వేసినప్పుడే తల ఎత్తాను.

3:30కి కరెంటు పోయింది. తెర చీకటి అయింది, యూపీఎస్ కీచుమంది, కెమెరా ఆగలేదు. చీకటి నాలుగు నిమిషాలూ రికార్డు అయింది. ఆ చీకట్లో జుట్టుపోలిగాడి గొంతు తెర వెనక నుంచి కరెంటోళ్ల మీద వేసిన మాటలకి జనం నవ్వినదంతా పడింది. ఆ భాగం ఏ పుస్తకంలోనూ ఉండదు.

5:35కి మంగళం పాడారు. ఐదు కార్డులు, 6 గంటల 55 నిమిషాలు. ఎస్‌బైఎస్ జేబులోనే ఉండిపోయింది.

మార్చి 2, ఆదివారం

ఐదు కార్డులూ రెండు హార్డ్ డిస్కులకి పోయాయి, కాపీ అయినదాన్ని ప్రోగ్రామ్‌తో సరిపోల్చాను. ఒక డిస్కు మా ఇంట్లో, ఒకటి ధర్మవరంలో మా చెల్లెలింట్లో. ఎడిటింగ్ మొదలయ్యేదాకా కార్డులని కూడా చెరపను.

సాయంత్రం పల్లెకి వెళ్లాను. ఇందులోని ఎంపీ4 లోపల ఎంపెగ్-2 ఉంటుంది, చాలా ఫోన్లలో ఆడదు. అందుకని లంకాదహనం ముక్కని హెచ్.264కి మార్చి పెద్దాయన మనవడి ఫోన్లో వేశాను. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. పెద్దాయన ఫోన్‌ని మొహానికి దగ్గరగా పట్టుకున్నాడు. అప్పుడు తట్టింది నాకు, 60 ఏళ్లుగా ఆయన తెర వెనకే ఉన్నాడు. ఎదుటి వైపు నుంచి తన ఆట ఎలా ఉంటుందో ఆయన సరిగా చూసింది లేదు.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వేలితో స్క్రీన్ ఆపించాడు.

"అబ్బీ, ఇక్కడ చూడు, తోక రెండో అతుకు కాడ కుట్టు విడింది," అని మనవడికి చూపించాడు. "ఎల్లుండి ఆటకి ముందు అది కుట్టాల. పోయి సూదీ దారం తే."